కొత్త గేమింగ్ కన్సోల్‌ను విడుదల రోజునే కొనాలా, ఆగాలా? నిర్ణయానికి సమగ్ర మార్గదర్శి

కొత్త కన్సోల్ (గేములు ఆడటానికే తయారైన యంత్రం) ప్రకటన వెలువడిన ప్రతిసారీ పాఠకుల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: ముందే బుక్ చేసుకోమంటారా, కొంతకాలం ఆగమంటారా? అందరికీ సరిపోయే సమాధానం దీనికి లేదు గాని, ఏ ప్రశ్న తరువాత ఏ ప్రశ్న వేసుకోవాలన్న క్రమం మాత్రం అందరికీ దాదాపు ఒకటే. ఆ క్రమాన్ని ఇక్కడ దశలవారీగా ఇస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆగితే ధర తగ్గుతుందన్న పాత సూత్రాన్ని ఇప్పుడు నమ్ముకోవడానికి వీల్లేదు; తొలిరోజు కొన్నవాడు తప్పక నష్టపోతాడన్న మాటా అంతే. నిర్ణయాన్ని తేల్చేవి ప్రధానంగా రెండు విషయాలు. ఆ యంత్రం మీద మాత్రమే ఆడగలిగే, మీరు నిజంగా ఆడే గేము మొదటి ఆరు నెలల్లో ఉందా? యంత్రం చెడిపోతే వారంటీ కింద బాగుచేయించుకునే దారి మన దేశంలో ఉందా?

1. లెక్క మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

ప్రకటన చూసిన ఉత్సాహంలో కాక, ఒక రోజు ఆగి, కింది వివరాలను కాగితం మీద రాసుకోండి. ఇవి లేకుండా తరువాతి దశలకు వెళితే ప్రతిచోటా ఊహ మీదే ఆధారపడవలసి వస్తుంది.

□ గడిచిన ఏడాదిలో మీరు పూర్తిగా ఆడిన గేముల పేర్లు (కొని పక్కన పెట్టినవి వేరుగా)
□ మీ టీవీ మోడల్ సంఖ్య, దానికున్న హెచ్‌డీఎంఐ పోర్టుల (బయటి యంత్రాల కేబుల్ తగిలించే చోట్ల) వివరం
□ ఇంటర్నెట్ వేగం, నెలవారీ డేటా పరిమితి
□ ఇప్పుడున్న కన్సోల్, డిస్కులు, మీ ఖాతా ఏ దేశానిదన్న సమాచారం
□ అప్పు లేకుండా ఖర్చు పెట్టగలిగిన మొత్తం

మొదటి అంశాన్ని తేలికగా తీసుకోకండి. ఏడాదిలో రెండు గేములు మాత్రమే పూర్తి చేసిన వ్యక్తి, కొత్త యంత్రం రాగానే పన్నెండు గేములు ఆడతానని అనుకోవడం మానవసహజమే గాని, అలా జరగడం అరుదు.

2. మన దేశంలో విడుదల ఎప్పుడో, అసలు ఉందో లేదో తేల్చుకోవడం

విడుదల రోజు అనే మాటకు అమెరికాలో ఉన్నవారికీ, హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవారికీ ఒకే అర్థం ఉండదు. ఇప్పటివరకు మనకు మూడు రకాల అనుభవాలున్నాయి.

మొదటిది, ప్రపంచంతోపాటే విడుదల. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ రెండూ 2020 నవంబరు 10న ఇతర దేశాలతోపాటే భారత్‌లోనూ వచ్చాయి. ధరలు వరుసగా 49,990, 34,990 రూపాయలు.

రెండవది, ఆలస్యపు విడుదల. సోనీ వారి ప్లేస్టేషన్ 5 అమెరికా, జపాన్ వంటి దేశాల్లో 2020 నవంబరు 12న రాగా, మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. ప్లేస్టేషన్ 4 కూడా అమెరికాలో 2013 నవంబరులో విడుదలై, ఇక్కడికి 2014 జనవరిలో చేరింది.

మూడవది, అధికారికంగా అసలు రాకపోవడం. నింటెండో స్విచ్ 2 ప్రపంచ మార్కెట్లలోకి 2025 జూన్ 5న వచ్చినా, నింటెండో సంస్థ మన దేశంలో నేరుగా అమ్మకాలు జరపదు. 2024 నవంబరు 7న విడుదలైన ప్లేస్టేషన్ 5 ప్రో కూడా అప్పుడు ఇక్కడికి రాలేదు. అది వాడే వైఫై ప్రమాణానికి కావలసిన 6 గిగాహెర్ట్జ్ తరంగశ్రేణికి భారత్‌లో అనుమతి లేకపోవడమే అందుకు చెప్పిన కారణం.

ఆలస్యాన్ని చాలామంది అవమానంగా భావిస్తారు. నాకు మాత్రం అది ఉచితంగా దొరికిన పరీక్షాకాలంగా కనిపిస్తుంది. బయటి దేశాలవారు రెండు మూడు నెలలు వాడి చెప్పిన లోపాలు, శబ్దం, వేడి, గేముల నాణ్యత అన్నీ తెలిసిన తరువాతే మనం డబ్బు కట్టవలసి ఉంటుంది. కాబట్టి రెండవ రకం విడుదలలో మన తొలిరోజు, నిజానికి ప్రపంచపు తొంభయ్యో రోజుకు దగ్గరగా ఉంటుంది. మొదటి రకంలో ఆ వెసులుబాటు ఉండదు గనుక మరింత జాగ్రత్త అవసరం. మూడవ రకమైతే ఈ వ్యాసంలోని తొమ్మిదవ భాగాన్ని ముందుగా చదివి, ఆ తరువాత మిగతా దశలకు రండి.

3. గేముల పరీక్ష

మొత్తం నిర్ణయంలో అతి ముఖ్యమైన దశ ఇదే గనుక ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. పద్ధతి ఇది.

మొదట, విడుదల రోజు నుంచి ఆరు నెలల్లోపు తేదీ ఖరారైన గేములను రాయండి. “త్వరలో” అని మాత్రమే చెప్పినవాటిని, కేవలం ట్రైలర్ చూపించినవాటిని రాయకండి. హేలో ఇన్ఫినిట్ గేమును 2020 ఎక్స్‌బాక్స్ విడుదలకు ఆకర్షణగా ప్రకటించారు. అది వాయిదా పడి 2021 డిసెంబరులో వచ్చింది. ఆ ఒక్క గేము కోసమే తొలిరోజు కొన్నవారు ఏడాదికి పైగా ఎదురుచూశారు.

తరువాత, ప్రతి గేము పక్కన అది పాత కన్సోల్ మీద కూడా వస్తుందో లేదో రాయండి. ప్లేస్టేషన్ 5 తొలి రెండేళ్ల చరిత్ర ఈ విషయంలో మంచి పాఠం. విడుదల రోజు వచ్చిన స్పైడర్‌మ్యాన్: మైల్స్ మొరాలెస్, 2022 ఫిబ్రవరి నాటి హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్, అదే ఏడాది మార్చిలో వచ్చిన కార్ల పందేల గేము గ్రాన్ టురిస్మో 7, నవంబరులో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, ఇవన్నీ ప్లేస్టేషన్ 4 మీద కూడా ఆడగలిగినవే. తొలిరోజు నుంచి కొత్త యంత్రానికే పరిమితమైన పెద్ద గేము, కష్టానికి పేరుపడ్డ డెమన్స్ సోల్స్. ఆ తరువాత 2021లో రిటర్నల్, రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్ వచ్చాయి. అంటే కష్టమైన గేములంటే ప్రాణం పెట్టేవారికి ఆ యంత్రాన్ని వెంటనే కొనడానికి కారణం ఉంది. కుటుంబంతో కార్ల పందేలు ఆడుకునేవారికి లేదు.

స్విచ్ 2 సంగతి దీనికి భిన్నం. మారియో కార్ట్ వరల్డ్ తొలిరోజునే, డాంకీ కాంగ్ బనాంజా 2025 జులైలో వచ్చాయి. రెండూ పాత స్విచ్ మీద ఆడలేనివి. కనుక ఒక తరం యంత్రానికి వర్తించిన తీర్పును ఇంకో తరానికి కళ్లు మూసుకుని వర్తింపజేయకూడదు.

మూడవది, అదే గేము కంప్యూటర్ మీద కూడా వస్తుందేమో చూడండి. రిటర్నల్, రాచెట్ అండ్ క్లాంక్ రెండూ 2023లో కంప్యూటర్‌కు వచ్చాయి. ఇంట్లో ఇప్పటికే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఈ ఒక్క విషయమే నిర్ణయాన్ని తారుమారు చేయగలదు.

చివరగా, మిగిలిన గేములను ఒకటో విభాగంలో రాసుకున్న జాబితాతో పోల్చండి. గడిచిన ఏడాది మీరు పూర్తి చేసిన గేముల రకానికి చెందినది ఒక్కటైనా మిగిలితే ఈ పరీక్ష నెగ్గినట్లే. ఒక్కటీ మిగలకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు. కింది దశలు ఎంత అనుకూలంగా ఉన్నా, ఆడటానికి గేము లేని యంత్రం టీవీ కింద దుమ్ము పట్టడానికే పనికివస్తుంది.

4. ధర తగ్గుతుందా, పెరుగుతుందా?

పాత అనుభవం ఆగమనే చెప్పేది. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ అమెరికాలో 2011 మార్చిలో 249.99 డాలర్లకు వచ్చి, ఆ ఆగస్టులోనే 169.99కి దిగింది, ముందు కొన్నవారి కోపం చల్లార్చడానికి సంస్థ ఇరవై పాత గేములను ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్ 2013 నవంబరులో 499 డాలర్లు కాగా, ఒంటి కదలికలను గుర్తించే కైనెక్ట్ పరికరం లేని రకం 2014 జూన్‌లో 399కే దొరికింది.

ప్రస్తుత తరంలో దిశ మారింది. ప్లేస్టేషన్ 5 డిస్క్ రకం మన దేశంలో 49,990 రూపాయలకు మొదలై, 2022 నవంబరులో 54,990కి పెరిగింది. అమెరికాలో 499.99 డాలర్లుగా మొదలైన అదే యంత్రం ధరను 2025 ఆగస్టులో 549.99కి పెంచారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అక్కడ 499.99తో మొదలై, 2025 అక్టోబరు నాటికి 649.99కి చేరింది. చిప్పుల ఖర్చు, సుంకాలు, మారకపు విలువ, వీటిలో ఏదీ మన చేతిలో లేదు.

అయితే ప్రకటిత ధర వేరు, పండుగ తగ్గింపు వేరు. 2023 జులైలో కొద్ది రోజులపాటు ప్లేస్టేషన్ 5పై 7,500 రూపాయల తగ్గింపు ఇవ్వగా, ధర 47,490కి దిగింది. లెక్క చూడండి: రెండున్నరేళ్లు ఎదురుచూసినవారికి తొలిరోజు ధరతో పోలిస్తే మిగిలింది 2,500 రూపాయలే. కనుక ఆగడం వల్ల యంత్రం ధరలో కలిసివచ్చేది స్వల్పం కావచ్చు. అసలు ఆదా గేముల దగ్గర ఉంటుంది. 4,999 రూపాయలకు వచ్చిన గేము ఏడాది రెండేళ్ల తరువాత సగం ధరకు, వాడిన డిస్కు రూపంలో ఇంకా తక్కువకు దొరకడం మామూలే. నింటెండో సొంత గేములు మాత్రం ఇందుకు మినహాయింపు. అవి ఏళ్ల తరబడి ధర దిగవు.

5. పెట్టె ధర కాదు, మొత్తం ఖర్చు

2021 నాటి ధరలతో ఒక ఉదాహరణ చూద్దాం. కన్సోల్ 49,990, ఒక కొత్త గేము 4,999, రెండో కంట్రోలర్ 5,990. కలిపితే 60,979 రూపాయలు. ఆన్‌లైన్ చందా, విద్యుత్ రక్షణ పరికరం, అదనపు స్టోరేజి ఇంకా ఇందులో చేరలేదు. స్థూలంగా పెట్టె ధరకు పావు వంతు కలుపుకుని బడ్జెట్ వేసుకోవడం క్షేమం.

□ ఇతరులతో ఇంటర్నెట్‌లో ఆడటానికి కట్టే ఆన్‌లైన్ చందా మీకు నిజంగా అవసరమా? ఫోర్ట్‌నైట్ వంటి ఉచిత గేములకు ప్లేస్టేషన్ మీద చందా అక్కర్లేదు.
□ స్టోరేజి ఎంత మిగులుతుంది? తొలి ప్లేస్టేషన్ 5లో 825 జీబీ అని ఉన్నా వాడుకోగలిగేది 667 జీబీ; 512 జీబీ సిరీస్ ఎస్‌లో 364 జీబీ.
□ పాత మెమరీ కార్డు పనికివస్తుందా? స్విచ్ 2లో గేములు దాచడానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకం కార్డే కావాలి. పాత కార్డులోని బొమ్మలు, వీడియోలు మాత్రమే తీసుకోగలం.
□ పాత గేముల మెరుగైన రూపానికి అదనంగా చెల్లించాలా?
□ డిస్క్ డ్రైవ్ ఉన్న రకమా, లేనిదా?

చివరి అంశం గురించి ఒక మాట. ప్లేస్టేషన్ 5 ఇక్కడికి వచ్చినప్పుడు డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ రకం పదివేలు చౌక అన్నది నిజమే. కానీ స్నేహితుల మధ్య డిస్కులు మార్చుకోవడం, ఆడేసినవాటిని అమ్ముకోవడం మన ఊళ్లలో బాగా అలవాటైన పని. ఏడాదికి మూడు నాలుగు గేములు కొనే ఇంట్లో డిస్క్ రకం ఆ తేడాను తొందరగానే తిరిగి ఇస్తుంది. స్విచ్ 2 గేముల్లో కొన్ని పెట్టెల్లో గేము ఉండదు, దించుకోవడానికి తాళంచెవి లాంటి కార్డు మాత్రమే ఉంటుంది. అట్ట మీద ఆ సంగతి రాసి ఉంటుంది గనుక చదివి కొనండి.

వాయిదాల మీద కొనేటప్పుడు వడ్డీ లేదన్న ప్రకటనకు లోబడకుండా, ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మొత్తంపై వసూలు చేసే 18 శాతం జీఎస్‌టీ కలిపి చివరికి కట్టేది ఎంతో రాసుకోండి. ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపు వాయిదాలతో పోతుందేమో కూడా అడగాలి.

6. తొలి విడత యంత్రాల లోపాలు

తొలి విడత కొనకూడదన్న హెచ్చరికకు మూలం ఎక్కువగా ఎక్స్‌బాక్స్ 360. 2005 నవంబరులో వచ్చిన ఆ యంత్రాలు పెద్ద సంఖ్యలో చెడిపోయి, ముందువైపు మూడు ఎర్ర దీపాలు వెలిగేవి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. అంత తీవ్రమైన లోపం తరువాతి తరాల్లో మళ్లీ రాలేదు. పాత స్విచ్ కంట్రోలర్లలో పుల్లను (బొటనవేలితో తిప్పే స్టిక్‌ను) తాకకున్నా బొమ్మ తనంతట తానే జరిగే సమస్య వంటివి మాత్రం వాడకం మొదలైన కొన్ని నెలలకు గాని బయటపడవు.

ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యేది వేరే ఇబ్బంది: ప్రకటించిన లేదా ఆశించిన సౌకర్యం తొలిరోజు ఉండదు. ప్లేస్టేషన్ 5లో అదనపు ఎస్‌ఎస్‌డీ (స్టోరేజి పరికరం) పెట్టుకునే ఖాళీ మొదటి నుంచీ ఉన్నా, అది పనిచేసింది 2021 సెప్టెంబరు అప్‌డేట్ తరువాతే. తెర రిఫ్రెష్ వేగాన్ని గేముకు అనుగుణంగా మార్చే వీఆర్‌ఆర్ 2022 ఏప్రిల్‌లో, ఫుల్ హెచ్‌డీకీ 4కెకూ మధ్యస్థమైన 1440పీ మానిటర్లకు మద్దతు 2022 సెప్టెంబరులో వచ్చాయి. మీకు కావలసిన సౌకర్యం ‘రాబోయే అప్‌డేట్’ జాబితాలో ఉంటే, అది లేదనే అనుకుని నిర్ణయం తీసుకోండి.

7. ఇల్లు సిద్ధంగా ఉందా?

టీవీ: 4కె చిత్రాన్ని సెకనుకు 120 ఫ్రేముల చొప్పున చూడాలంటే ఆ వేగాన్ని అందుకునే తెర, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉండాలి. చాలా టీవీల్లో ఆ సామర్థ్యం ఒకటి రెండు పోర్టులకే ఉంటుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీతోనూ ఆడవచ్చు గాని, కొత్త యంత్రం చూపించే తేడాలో పెద్ద భాగం కనిపించదు; టీవీ కూడా మార్చవలసి వస్తే అది ఈ బడ్జెట్‌లో చేరాలి.

కరెంటు: ప్లేస్టేషన్ 5 వంటి యంత్రం ఆట సాగుతున్నప్పుడు సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. గేము సేవ్ అవుతున్నప్పుడో, అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడో కరెంటు పోతే సమాచారం చెడిపోయే ప్రమాదం ఉంది. పల్లెల్లోనూ, వేసవిలో కోతలుండే పట్టణాల్లోనూ టీవీకి, కన్సోల్‌కు కలిపి కనీసం 1000 వీఏ సామర్థ్యమున్న యూపీఎస్ పెట్టుకోవడం మంచిది. ఇంటి ఇన్వర్టర్ మీద నడపదలిస్తే అది ప్యూర్ సైన్ వేవ్ రకమై (మామూలు కరెంటులా సాఫీగా ఇచ్చేదై) ఉండాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వద్దు.

వేడి: తయారీదారులు చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాను కింద గదిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. తలుపులున్న టీవీ స్టాండు అరలో యంత్రాన్ని పెట్టకండి. వెనుకా పక్కలా గాలి ఆడేలా కనీసం జానెడు ఖాళీ వదలండి. ఏసీ లేని ఇంట్లో వేసవి మధ్యాహ్నాలు ఆట మానడం తప్ప వేరే మందు లేదు.

ఇంటర్నెట్: 100 జీబీ గేము 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద దిగడానికి అయిదున్నర గంటలకు పైగా పడుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ డేటానే ఆధారమైతే అదే గేముకు రెండు నెలలు దాటుతుంది. డిస్కు కొన్నా అప్‌డేట్లు తప్పవు.

8. తీర్పు, ఆ తరువాత ప్రీ-ఆర్డర్ (ముందస్తు బుకింగ్)

ఇప్పుడు కాగితం తీసి నాలుగు ప్రశ్నలకు అవును, కాదు అని రాయండి.

□ ఆరు నెలల్లోపు ఈ యంత్రం మీద మాత్రమే ఆడగలిగే, మీ అభిరుచికి తగిన గేము ఉందా?
□ మన దేశంలో అధికారిక వారంటీ ఉందా?
□ మొత్తం ఖర్చు అప్పు లేకుండా భరించగలరా?
□ టీవీ, కరెంటు, ఇంటర్నెట్ సిద్ధంగా ఉన్నాయా?

నాలుగూ అవునంటే విడుదలకే కొనండి, ఎవరేమన్నా సందేహించకండి. మొదటిదానికి కాదని వస్తే మిగతా మూడూ అవునన్నా ఆగండి. మొదటిది అవునై, రెండవది కాదైతే, చెడిపోతే ఆ డబ్బు పోయినట్లేనని ఒప్పుకోగలిగినవారే ముందుకు వెళ్లాలి. మూడవదో నాలుగవదో కాదైతే మరుసటి దసరా, దీపావళి అమ్మకాల వరకు వాయిదా వేయండి. ఆలోగా గేముల జాబితా కూడా పెరుగుతుంది. పాత కన్సోల్ లేనివారికి ఒక మినహాయింపు ఉంది: గత తరం గేములు ఏవీ ఆడనివారికి, పాత గేములను కూడా నడిపే కొత్త యంత్రం మొదటి పరీక్షను దాదాపు ఎప్పుడూ నెగ్గుతుంది.

కొనాలని తేలితే ప్రీ-ఆర్డర్ క్రమం ఇలా ఉండాలి. 2021 జనవరి 12న భారత్‌లో ప్లేస్టేషన్ 5 ప్రీ-ఆర్డర్లు నిమిషాల్లోనే అయిపోయాయి గనుక, తయారీ అంతా ముందురోజే ముగియాలి.

ముందుగా, అధికారిక విక్రేతల జాబితాను తయారీ సంస్థ సొంత సైటులోనే చూసుకుని, కనీసం ఇద్దరి దగ్గర ఖాతా తెరచి, చిరునామా, పిన్‌కోడ్ సరిచూసుకోవాలి. ఆ పిన్‌కోడ్‌కు డెలివరీ ఉందో లేదో ఏదైనా వేరే పెద్ద వస్తువుతో పరీక్షించవచ్చు. కార్డుపై ఆన్‌లైన్ ఖర్చు పరిమితి, యూపీఐ రోజువారీ పరిమితి సరిపోతాయో చూడాలి. మామూలు యూపీఐ పరిమితి అయిన లక్ష లోపే కదా అని అనుకున్నా, కొత్తగా నమోదైన యూపీఐ యాప్‌లో తొలి 24 గంటల పరిమితి తక్కువగా ఉంటుంది. ఇవన్నీ అయ్యాక, ఊళ్లోని అధీకృత దుకాణానికి వెళ్లి, వాళ్లకు యంత్రాలు వస్తున్నాయా అని అడగండి. ఆన్‌లైన్ కిటికీ మూసుకుపోయాక కూడా దుకాణాల్లో ఒకటి రెండు మిగలడం కద్దు. బయానా ఇస్తే రసీదు, అందులో మోడల్ పేరు, మొత్తం ధర, రద్దు షరతు తప్పనిసరి.

దొరకకపోతే? అసలు ధరకు పది పదిహేను వేలు కలిపి అమ్మేవారి దగ్గరికి పోకండి. అలా కొంటే బిల్లు వేరే పేరు మీద ఉండటం, లేదా అసలే లేకపోవడం వారంటీ దగ్గర అడ్డం కావచ్చు. బలవంతంగా నాలుగైదు గేములు అంటగట్టే ప్యాకేజీలు కూడా ఇలాంటివే. అందులో మీ జాబితాలోని గేములు ఎన్నున్నాయో లెక్కించి, వాటికి మాత్రమే విలువ కట్టండి.

9. విదేశాల నుంచి తెప్పించుకునేవారికి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య సెలవులకు వస్తూ తెస్తానంటే కాదనడం కష్టమే. అయినా అతను కొనకముందే కిందివి తేలాలి.

□ వారంటీ కొన్న దేశానికే పరిమితం కావచ్చు. బాగుచేయించడానికి యంత్రం తిరిగి సముద్రం దాటవలసి వస్తే ఆ ఖర్చెవరిది?
□ యంత్రం వెనుక లేబుల్ మీద 100–240 వోల్టులని ఉందా? మన సరఫరా 230 వోల్టులు. 120 మాత్రమే రాసి ఉన్న అడాప్టరును నేరుగా పెడితే కాలిపోతుంది.
□ విమానాశ్రయ కస్టమ్స్‌లో ఆ ఏడాది అమల్లో ఉన్న సుంకరహిత పరిమితి ఎంత? బిల్లు చేతిలో ఉండాలి.
□ భాష సరిపోతుందా? జపాన్‌లో 49,980 యెన్‌లకు అమ్మిన స్విచ్ 2లో జపనీస్ భాష మాత్రమే ఉంటుంది, జపాన్ ఖాతానే కలుస్తుంది. అన్ని భాషలున్న రకం 2025లో అక్కడ 69,980 యెన్‌లకు వచ్చింది. చౌకగా దొరికిందని టోక్యో నుంచి తెచ్చేవారు ముందుగా ఇది చూడాలి.

ఖాతా విషయంలో తొందర వద్దు. ప్లేస్టేషన్ ఖాతా సృష్టించేటప్పుడు ఎంచుకున్న దేశాన్ని తరువాత మార్చలేము. యంత్రం అమెరికాదైనా ఖాతా భారత్‌ది వాడుకోవచ్చు. భారతీయ కార్డుతో చెల్లించేవారికి అదే మేలు. డిస్కులు ఏ దేశానివైనా ప్లేస్టేషన్ 5లో ఆడతాయి, కానీ ఆ గేముకు అదనంగా కొనే భాగాలు డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు ఖాతాతోనే సాధారణంగా పనిచేస్తాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల దిగుమతి యంత్రాలు అమ్మేవారు ‘షాపు వారంటీ’ ఇస్తామంటారు. దాన్ని తీసిపారేయనక్కర్లేదు గాని, ఎన్ని నెలలు, ఏయే భాగాలకు, మార్చి ఇస్తారా బాగుచేసి ఇస్తారా అన్నవి బిల్లు మీద రాయించుకోవాలి. నోటిమాటగా చెప్పిన వారంటీని లెక్కలోకి తీసుకోకండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

విడుదలకు నెల ముందే పాత కన్సోల్ అమ్మేయడం. కొత్తది ఆలస్యమైతే మధ్యలో ఏమీ ఉండదు. కొత్తది వచ్చి, సేవ్ చేసిన ఆటలు దానిలోకి మారాయని నిర్ధారించుకున్న తరువాతే పాతదాన్ని చెరిపి అమ్మండి. అప్పటికి ధర వెయ్యి రెండు వేలు తగ్గినా పరవాలేదు.

యంత్రంతోపాటే అయిదారు గేములు కొనడం. ఒకటి చాలు, అది పూర్తయ్యాక రెండవది. ఇప్పటికే కొనేసి ఉంటే, సీలు విప్పని డిస్కులను వెంటనే వాపసు చేయండి లేదా అమ్మండి.

పిల్లల పుట్టినరోజు కానుకగా పెట్టెను ఆ ఉదయమే తెరవడం. అప్‌డేట్లు, ఖాతాలు, గేము ఎక్కడం ముగిసేసరికి రోజు గడిచిపోతుంది. స్విచ్ 2లో పాత స్విచ్ గేములు ఆడటానికే ముందుగా సిస్టమ్ అప్‌డేట్ అవసరమైంది. రెండు రోజుల ముందు రాత్రి తెరిచి, అన్నీ సిద్ధం చేసి, మళ్లీ పెట్టెలో పెట్టేయండి.

సొంత కార్డును పిల్లల ఖాతాలో భద్రపరచి వదిలేయడం. కొనుగోలుకు పాస్‌వర్డ్ తప్పనిసరి చేసి, పిల్లల ఖాతాకు నెలవారీ ఖర్చు పరిమితి సున్నా పెట్టండి.

11. పెట్టె చేతికి వచ్చాక మొదటి వారం

వాపసు గడువు చాలాచోట్ల వారం పది రోజులే గనుక, ఈ వారాన్ని ఆనందంతోపాటు పరీక్షకూ వాడండి.

□ సీలు విప్పకముందు నుంచి ఆపకుండా వీడియో తీయండి. పెట్టె మీది సీరియల్ సంఖ్య, యంత్రం మీదిది, బిల్లులోనిది ఒకటేనా చూడండి.
□ యంత్రాన్ని తయారీ సంస్థ సైటులో నమోదు చేసి, బిల్లు ఫొటో మెయిల్‌లో దాచండి.
□ డిస్క్ డ్రైవ్‌ను రెండు వేర్వేరు డిస్కులతో పరీక్షించండి.
□ కంట్రోలర్ ప్రతి మీటను నొక్కి, పుల్లలు వదిలేసినప్పుడు బొమ్మ కదలకుండా నిలబడుతోందా గమనించండి.
□ కన్సోల్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌నే వాడుతూ, 4కె, 120 ఫ్రేముల అమరికలు తెర మీద కనిపిస్తున్నాయా చూడండి.
□ ఒక భారీ గేమును వరుసగా రెండు మూడు గంటలు ఆడి, యంత్రం తనంతట తాను ఆగుతోందా, ఫ్యాను నుంచి గరగర వస్తోందా వినండి.
□ రెస్ట్ మోడ్‌లో (పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చిన స్థితిలో) రాత్రంతా ఉంచి, ఉదయం సరిగా లేస్తోందా చూడండి.

లోపం కనిపిస్తే బాగుచేయమని కాక, వాపసు గడువు ఉండగానే మార్చి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. గడువు దాటితే మీ యంత్రం సర్వీసు కేంద్రపు వరుసలో చేరుతుంది. విక్రేత స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదు సంఖ్యను విక్రేతకు మెయిల్‌లో పంపండి.